ఉమ్మడి మెమరీ, విడి హక్కులు: లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లకూ వీడియో క్యాప్చర్‌కూ మధ్య వివాదం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కెమెరా పంపిన చిత్రాన్ని గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు చేర్చడం, తెరపై కనిపించే దృశ్యాన్ని రికార్డు చేయడం అనే రెండు పనుల్లోనూ లినక్స్ వ్యవస్థలో తరచుగా లోపాలు ఎదురవుతాయి. వీటిని సాధారణంగా సాంకేతిక చిక్కులుగానే లెక్కిస్తారు. వీటిలో ముఖ్యమైనవి రెండు విభాగాలు పంచుకోవలసిన మెమరీ మీద ఎవరికి ఎంత హక్కు ఉన్నదనే ప్రశ్న నుండి పుట్టాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఇందుకు 2012 నాటి డీఎంఏ-బఫ్ వివాదాన్ని ప్రధాన ఆధారంగా గ్రహించి, అందులోని ఉభయ పక్షాల వాదనలను విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ఆ పరిశీలన నుండి ఒక దోషనిర్ణయ క్రమాన్ని రూపొందించి, సంగారెడ్డి-పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి, తెలుగులో సాంకేతిక బోధనకు దాని ప్రాసంగికతను చర్చిస్తుంది.

కీలకపదాలు: లినక్స్ కెర్నల్, గ్రాఫిక్స్ డ్రైవర్, వీడియో క్యాప్చర్, డీఎంఏ-బఫ్, జీపీఎల్, దోషనిర్ణయం, పారిభాషిక పదజాలం.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలో పరిశ్రమ, పరిశోధన ఒకదాని పక్కన ఒకటి ఎదిగాయి. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో ఔషధ పరిశ్రమలు, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చాయి. 2008లో ప్రారంభమైన ఐఐటీ హైదరాబాద్ తొలినాళ్లలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ప్రాంగణంలోనే నడిచింది. ఆ తర్వాత కందిలోని సొంత ప్రాంగణానికి చేరింది. 2020లో ఆ సంస్థ ఎన్విడియాతో కలిసి కృత్రిమ మేధ సాంకేతిక కేంద్రాన్ని నెలకొల్పుతున్నట్లు ప్రకటించింది. స్వయంచాలిత వాహనాల పరిశోధన కోసం అక్కడే ఏర్పడిన టీహాన్ పరీక్షాక్షేత్రం 2022 జులైలో ప్రారంభమైంది.

ఈ కార్యరంగాలన్నిటికీ ఒక ఉమ్మడి అవసరం ఏర్పడుతున్నది. కెమెరా చూసినదాన్ని యంత్రం వెంటనే గణించాలి. మాత్రల స్ట్రిప్పులో ఖాళీ గూడును పట్టుకోవడానికైనా, రోడ్డు మీద అడ్డు వచ్చిన మనిషిని గుర్తించడానికైనా చిత్రం కెమెరా నుండి గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు ఆలస్యం లేకుండా చేరాలి. ఇటువంటి పరిశోధనలో లినక్స్ వినియోగం విస్తృతం. ఆ దారిలో చిత్రం ఆగిపోయినప్పుడు, నల్లబడినప్పుడు, ముక్కలైనప్పుడు కారణం ఎక్కడ వెతకాలి? కారణం తెలిసిన తర్వాత దాన్ని సరిచేసే అధికారం ఎవరికి ఉంటుంది? మొదటి ప్రశ్నకు సాంకేతిక గ్రంథాలు సమాధానం చెబుతాయి. రెండవ ప్రశ్నను అవి సాధారణంగా ప్రస్తావించవు. ఆ రెండూ విడదీయరానివన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. చిత్రం ప్రయాణించే దారి

లినక్స్ కెర్నల్‌లో చిత్రానికి సంబంధించిన పని రెండు విభాగాల మధ్య చీలి ఉన్నది. కెమెరా, టీవీ కార్డు వంటి పరికరాల నుండి చిత్రాన్ని లోపలికి తీసుకునే భాగాన్ని వీడియో ఫర్ లినక్స్ అంటారు. దీని తొలి రూపాన్ని అలన్ కాక్స్ రాశారు. బిల్ డర్క్స్ 1998లో రూపకల్పన మొదలుపెట్టిన రెండవ రూపం 2.6 కెర్నల్ నాటికి స్థిరపడింది. తొలి రూపాన్ని 2011లో పూర్తిగా తొలగించారు. చిత్రాన్ని గీసి తెరకు పంపే భాగం డైరెక్ట్ రెండరింగ్ మేనేజర్ ఆధీనంలో ఉంటుంది. ఈ రెండు విభాగాలకు నిర్వాహకులు వేరు, చరిత్రలు వేరు, మెమరీని కేటాయించుకునే పద్ధతులు కూడా వేరు.

ఈ విభజన వల్ల కలిగే చిక్కు తొలినాళ్లలోనే బయటపడింది. 1990ల చివర టీవీ కార్డులు తాము పట్టిన చిత్రాన్ని గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకి నేరుగా రాసేవి. అప్పటి ప్రాసెసర్ల వేగం తక్కువ కనుక మధ్యలో నకలు తీయకుండా ఉండేందుకు ఎన్నుకున్న దగ్గరి దారి ఇది. అయితే తెర మెమరీ ఎక్కడ మొదలవుతుందో టీవీ కార్డు డ్రైవర్‌కు తెలియదు, ఎవరో చెప్పాలి. చెప్పిన చిరునామా తప్పితే చిత్రం వేరొకరి మెమరీ మీద పడి యంత్రం స్తంభించిపోయేది. అందుకే ఆ చిరునామాను నిర్ణయించే హక్కును ప్రత్యేక అధికారం గల ప్రోగ్రాములకే పరిమితం చేశారు. పక్క పొలంలోకి నీరు పెట్టడానికి గట్టు తెంపుకోవడం వంటి ఏర్పాటు ఇది. పొలం హద్దు తెలిసినంతకాలం నడుస్తుంది. హద్దు మారిన రోజున ఇద్దరి పంటా పోతుంది.

ఈ ప్రమాదానికి జవాబుగా చాలాకాలం అనుసరించిన మార్గం నకలు తీయడం. క్యాప్చర్ విభాగం తన మెమరీలో చిత్రాన్ని ఉంచుతుంది. ప్రోగ్రాము దాన్ని చదివి గ్రాఫిక్స్ విభాగం మెమరీలోకి మళ్లీ రాస్తుంది. ఇది క్షేమకరమే గాని ఖర్చుతో కూడినది. 1920×1080 చుక్కల చిత్రంలో ఒక్కో చుక్కకు 4 బైట్లు లెక్కిస్తే ఒక ఫ్రేము సుమారు 8.3 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్క నకలుకే దాదాపు 500 మెగాబైట్లు కదలాలి. నాలుగు కెమెరాలు, రెండేసి నకళ్లు అంటే సెకనుకు 4 గిగాబైట్లు అవుతుంది. గణనకు వెచ్చించవలసిన శక్తి మోతకే సరిపోతుంది.

3. డీఎంఏ-బఫ్: 2012 నాటి వివాదం

నకలు లేకుండా, హద్దు దాటకుండా చిత్రాన్ని పంచుకునే పద్ధతిని రూపొందించినవారిలో భారతీయ ఇంజనీరు సుమిత్ సెమ్వాల్ ముఖ్యులు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, లినారో సంస్థల తరఫున ఆయన రాసిన డీఎంఏ-బఫ్ 2012 మార్చిలో విడుదలైన 3.3 కెర్నల్‌లో చేరింది. దీని సూత్రం సరళమైనది. ఒక డ్రైవర్ తన బఫర్‌ను పంచుకోదలచినప్పుడు దానికి ఒక ఆనవాలు సంఖ్యను సృష్టిస్తుంది. మరొక డ్రైవర్ ఆ సంఖ్యను చూపి అదే బఫర్‌ను వాడుకుంటుంది. చిత్రం ఉన్నచోటనే ఉంటుంది, వాడుకునే అనుమతి మాత్రమే చేతులు మారుతుంది. ఎవరు బఫర్‌ను సృష్టించారో, ఎవరు వాడుతున్నారో, ఎప్పుడు విడుదల చేయవచ్చో కెర్నల్‌కు తెలుస్తుంది.

సాంకేతికంగా ఇది పాత చిక్కును పరిష్కరించింది. అయితే ఈ సౌకర్యంలోని ప్రమేయాలను కెర్నల్‌లో జీపీఎల్ అనుమతికి లోబడిన మాడ్యూళ్లు మాత్రమే పిలవగలిగే విధంగా గుర్తించారు. తన డ్రైవర్ మూలరూపాన్ని బహిరంగపరచని ఎన్విడియాకు ఈ ద్వారం మూసుకుపోయింది. 2012 అక్టోబరులో ఆ సంస్థ ఇంజనీరు రాబర్ట్ మోరెల్ ఆ గుర్తింపును మార్చమని కోరుతూ ఒక సవరణను ప్రతిపాదించారు. కెర్నల్ అంతర్గత వ్యవహారాలకు ఉద్దేశించిన పరిమితిని డ్రైవర్ల మధ్య వారధిగా రూపొందిన సౌకర్యానికి వర్తింపజేయడం సరికాదని ఆయన వాదన.

దీన్ని తిరస్కరించినవారిలో ప్రముఖులు వీడియో క్యాప్చర్ పక్షానివారే కావడం గమనార్హం. మీడియా విభాగపు నిర్వాహకులు మౌరో కార్వాల్యో షెహాబ్ ప్రతిపాదనకు అసమ్మతి తెలిపారు. వీడియో ఫర్ లినక్స్ తొలి రచయిత అలన్ కాక్స్, తన కోడ్‌ను జీపీఎల్ నిబంధనల మీద ఇచ్చానని, దాన్ని వేరు నిబంధనల కిందికి మార్చడానికి హక్కుదారుగా తాను అనుమతించలేదని గుర్తుచేశారు. సవరణ నెగ్గలేదు. డీఎంఏ-బఫ్ ప్రమేయాలు నేటికీ జీపీఎల్ మాడ్యూళ్లకే పరిమితమై ఉన్నాయి. అదే ఏడాది జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను తీవ్రపదజాలంతో నిందించిన సంగతి బహుళ ప్రచారం పొందింది. ఆ నింద వార్తగా నిలిచింది. అక్టోబరు చర్చ మాత్రం వినియోగదారుల రోజువారీ పనిలో నిలిచిపోయింది. తెర నల్లబడిన ప్రతిచోటా దాని ఛాయ వెతకనక్కరలేదు గాని, రెండు విభాగాలు బఫర్‌ను పంచుకోలేని సందర్భాల్లో దాన్ని విస్మరించి చేసే దోషనిర్ణయం అసంపూర్ణం.

4. ఉభయ పక్షాల వాదనల విమర్శ

మోరెల్ వాదనలో బలమైన అంశం ఒకటున్నది. వారధి అన్నది ఇరువైపుల వారికోసం కట్టేది. ఒక వైపు వారిని నిలిపివేస్తే వారధి ప్రయోజనం తగ్గుతుంది, నష్టపోయేది ఏ పక్షానికీ చెందని వినియోగదారు. గ్రాఫిక్స్ కార్డు కొన్న విద్యార్థికి జీపీఎల్ వివాదంతో సంబంధం లేదు. అతనికి కావలసింది చిత్రం. అయితే ఈ వాదన ఒక విషయాన్ని దాటవేసింది. వారధి మీద ప్రమాదం జరిగితే విచారణకు ఇరువైపుల పత్రాలూ కావాలి. ఒక పక్షం తన పత్రాలు చూపనని ముందే చెప్పి దారి మాత్రం అడిగినప్పుడు, లోపాన్ని వెతికే భారం మొత్తం రెండవ పక్షం మీద పడుతుంది. మూలరూపం తెలియని మాడ్యూల్ చేరిన కెర్నల్‌ను మచ్చపడినదిగా గుర్తించే పద్ధతి లినక్స్‌లో ఉన్నది. అటువంటి కెర్నల్ నుండి వచ్చిన ఫిర్యాదులను నిర్వాహకులు సాధారణంగా స్వీకరించరు. వారి చేతిలో లేని కోడ్‌కు వారు బాధ్యత వహించలేరన్నది న్యాయమే.

క్యాప్చర్ పక్షం వాదన నైతికంగా దృఢమైనది, ఫలితంలో మిశ్రమమైనది. తమ శ్రమను ఏ నిబంధన మీద ఇచ్చారో దాన్ని నిలుపుకునే హక్కు రచయితలకు ఉన్నది. కాని నిషేధం వల్ల ఎన్విడియా డ్రైవర్ల వాడుక ఆగలేదు, పక్కదారులు ఏర్పడ్డాయి. బహిరంగమైన చిన్న మాడ్యూల్ ఒకటి మధ్యవర్తిగా నిలిచి, వెనుక ఉన్న మూసివున్న మాడ్యూల్‌కు పని అందించే పద్ధతి స్థిరపడింది. 2020 అక్టోబరులో వచ్చిన 5.9 కెర్నల్ ఇటువంటి మధ్యవర్తుల మీద కట్టడి పెంచింది: మూసివున్న మాడ్యూల్ మీద ఆధారపడిన మాడ్యూల్‌కు జీపీఎల్ ప్రమేయాలు అందవు. ఆ విడుదలకు తమ మద్దతు నవంబరు మధ్య వరకు రాదని ఎన్విడియా అప్పట్లో ప్రకటించింది. ఆ నెల రోజుల్లో కెర్నల్‌ను నవీకరించిన వినియోగదారు ఎవరి తప్పూ లేకుండా తన యంత్రం పనిని కోల్పోయే స్థితిలో ఉన్నాడు.

2022 మేలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల మూలరూపాన్ని జీపీఎల్, ఎంఐటీ అనుమతుల కింద విడుదల చేసింది. 2024లో 560 శ్రేణి డ్రైవర్లతో కొత్త కార్డులకు వాటినే ప్రధానంగా సూచించడం మొదలుపెట్టింది. దీన్ని క్యాప్చర్ పక్షం విజయంగా చెప్పేవారు ఉన్నారు. ఆ మాటను కొంత సవరించి స్వీకరించాలి. బహిరంగమైన మాడ్యూళ్లు ట్యూరింగ్, ఆ తర్వాతి తరం కార్డులకే వర్తిస్తాయి. వాటిలోని పనిలో పెద్ద భాగం కార్డు మీద ఉన్న ప్రత్యేక ప్రాసెసర్‌లోని ఫర్మ్‌వేర్‌కు తరలింది, అది మూసివున్నదే. కెర్నల్ బయట పనిచేసే గ్రంథాలయాలు కూడా మూసివున్నవే. గట్టు వద్ద తలుపు తెరుచుకున్నది గాని గట్టు జరిగి మరింత లోపలికి వెళ్లింది. పదేళ్ల వివాదం సాధించినదీ సాధించనిదీ ఈ ఒక్క పరిణామంలో కనిపిస్తుంది.

5. తెరను రికార్డు చేయడం: హక్కు చేతులు మారిన తీరు

కెమెరా చిత్రం బయటి నుండి లోపలికి వస్తుంది. తెర చిత్రం లోపలే పుడుతుంది. దీన్ని రికార్డు చేయడంలోనూ అదే ప్రశ్న వేరు రూపంలో ఎదురవుతుంది. ఎక్స్11 పద్ధతిలో తెర మీద నడిచే ఏ ప్రోగ్రామైనా మొత్తం తెరను చదవగలదు. రికార్డు చేయడం సులభం, రహస్యం కాపాడటం అసాధ్యం. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ మొదలుపెట్టిన వేల్యాండ్ పద్ధతి ఈ స్వేచ్ఛను తొలగించింది. తెరను కూర్చే కంపోజిటర్ ఒక్కటే మొత్తం దృశ్యాన్ని చూస్తుంది. మరొక ప్రోగ్రాము చూడాలంటే పోర్టల్ అనే మధ్యవర్తి ద్వారా వినియోగదారు అనుమతి పొందాలి. ఆ తర్వాత వచ్చే ఫ్రేములను పైప్‌వైర్ అనే వ్యవస్థ అందిస్తుంది. వీలైనచోట డీఎంఏ-బఫ్ రూపంలోనే అందిస్తుంది. ఓబీఎస్ స్టూడియో 2021లో వచ్చిన 27వ రూపంతో ఈ పద్ధతిని అందుకున్నది.

ఇక్కడ కూడా ఎన్విడియా చాలాకాలం వేరు దారిలో నడిచింది. మిగిలిన డ్రైవర్లు జీబీఎం అనే పద్ధతిలో బఫర్లు కేటాయిస్తుండగా ఆ సంస్థ ఈజీఎల్ స్ట్రీమ్స్ అనే తన పద్ధతిని సూచించింది. 2021 అక్టోబరులో వచ్చిన 495 శ్రేణి డ్రైవర్‌తో జీబీఎంకు మద్దతు ఇచ్చింది. ఆ మధ్యకాలంలో కంపోజిటర్ రచయితలు ఒకే పనికి రెండు రకాల కోడ్ రాయడమో, ఒక వర్గం వినియోగదారులను వదులుకోవడమో చేయవలసి వచ్చింది. వేల్యాండ్‌లో తెర నల్లగా రికార్డు కావడానికి పోర్టల్ అనుమతి లేకపోవడం ఒక కారణం, బఫర్ పద్ధతి పొసగకపోవడం మరొక కారణం. చూసేవారికి రెండూ ఒకే నలుపు. మొదటిది వినియోగదారుని రక్షించడానికి ఉద్దేశించిన నిరాకరణ, రెండవది ఒప్పందం కుదరని ఫలితం. ఈ తేడాను గుర్తించలేని దోషనిర్ణయం రక్షణను తొలగించి దాన్నే పరిష్కారమని భావించే ప్రమాదం ఉన్నది.

6. దోషనిర్ణయ క్రమం

పై చర్చ నుండి ఐదు అంతస్తుల క్రమం ఒకటి రూపొందుతుంది. కింది అంతస్తును తేల్చకుండా పైదాన్ని ముట్టుకోకపోవడం, ఒకసారికి ఒక్క మార్పే చేయడం దీని నియమాలు.

మొదటిది భౌతిక మార్గం. 1920×1080 చిత్రాన్ని కుదింపు లేకుండా, చుక్కకు 2 బైట్ల చొప్పున, సెకనుకు 30 ఫ్రేములు పంపడానికి సుమారు 124 మెగాబైట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 మార్గం గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అనగా 60 మెగాబైట్లు. కనుక అటువంటి కెమెరా కుదించిన చిత్రాన్ని పంపాలి, లేదా ఫ్రేములను తగ్గించాలి. దీన్ని లెక్కించకుండా డ్రైవర్‌ను నిందించడం పొరపాటు.

రెండవది పరికరం ఎవరి ఆధీనంలో ఉన్నదన్నది. ఎన్విడియా కార్డుకు సమాజం రాసిన నూవో డ్రైవర్ 2010 నుండి కెర్నల్‌లో ఉన్నది. సంస్థ డ్రైవర్ వేరుగా వస్తుంది. ఒకే కార్డును రెండూ ఏలలేవు. బయటి మాడ్యూళ్లు కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ నిర్మాణం కావాలి. సురక్షిత బూట్ అమలులో ఉంటే వాటికి సంతకం కూడా ఉండాలి. కృత్రిమ కెమెరాను సృష్టించే వీ4ఎల్2 లూప్‌బ్యాక్ మాడ్యూల్‌కూ ఇదే నియమం వర్తిస్తుంది. నవీకరణ జరిగిన మరునాడు కెమెరా, గ్రాఫిక్స్ రెండూ ఒకేసారి మూగబోతే ముందుగా చూడవలసింది ఈ అంతస్తునే. కెర్నల్ సందేశాల చిట్టాలో ఏ మాడ్యూల్ చేరలేదో నమోదై ఉంటుంది.

మూడవది బఫర్ పంపకం. చిత్రం వస్తున్నా గళ్లుగళ్లుగా, వాలుగా, తప్పు రంగుల్లో కనిపిస్తే ఇరువైపులా చుక్కల అమరికను వేర్వేరుగా అర్థం చేసుకుంటున్నారని గ్రహించాలి. గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వేగం కోసం చుక్కలను వరుసలుగా గాక పలకలుగా పేరుస్తాయి. ఆ సమాచారం బఫర్‌తో పాటు చేరకపోతే అవతలివారు దాన్ని వరుసలుగా చదువుతారు. దీన్ని తేల్చడానికి నమ్మదగిన పరీక్ష ఉన్నది: డీఎంఏ-బఫ్ పంపకాన్ని నిలిపి, నకలు పద్ధతిలో అదే చిత్రాన్ని చూడాలి. నకలులో సరిగా ఉండి పంపకంలో చెడితే దోషం హద్దు వద్ద ఉన్నట్లే.

నాలుగవది తెర వ్యవస్థ. ఎక్స్11, వేల్యాండ్‌లలో ఏది నడుస్తున్నదో, పోర్టల్ అనుమతి లభించిందో లేదో చూడాలి. రెండు గ్రాఫిక్స్ ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లో తెరను ఒకటి కూర్చుతూ, రికార్డు చేసే ప్రోగ్రాము మరొకదాని మీద నడిస్తే నల్లని చిత్రం రావచ్చు. ఐదవది ప్రోగ్రాము అమరికలు. అనుభవంలో చాలామంది ముందుగా మార్చేది ఈ చివరి అంతస్తునే. చేతికి అందేది అదొక్కటే కావడం ఇందుకు కారణం.

7. సంగారెడ్డి-పటాన్‌చెరు సందర్భం

ఈ చర్చకు కంది, పాశమైలారం వంటి చోట్ల ఉన్న ప్రాధాన్యం లెక్కలతో తేలుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనులో పదోవంతు కాలంలో సుమారు 1.67 మీటర్లు ముందుకు పోతుంది. చిత్రం నకళ్లలో అంత ఆలస్యమైతే స్వయంచాలిత వాహనం ఆ దూరాన్ని చూడకుండానే దాటుతుంది. ఔషధ ప్యాకింగ్ వరుసలో నిమిషానికి 300 స్ట్రిప్పులు కదులుతున్నాయనుకుంటే సెకనుకు 5 తనిఖీ కావాలి. రెండు సెకన్లపాటు ఫ్రేములు జారిపోతే 10 స్ట్రిప్పులు ఎవరూ చూడకుండా పెట్టెలోకి చేరతాయి. తెర మీద చిత్రం కదులుతూనే ఉంటే జారిన ఫ్రేముల సంగతి పర్యవేక్షకునికి తెలియకపోవచ్చు కూడా.

ఇక్కడ హక్కుల ప్రశ్న ఆచరణలోకి వస్తుంది. వరుస ఆగినప్పుడు యంత్రం వద్ద ఉండేది ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన సాంకేతికుడు. పై క్రమంలోని మొదటి రెండు అంతస్తులను అతను స్వయంగా తేల్చగలడు. మూడవ అంతస్తుకు చేరేసరికి మూలరూపం బహిరంగంగా ఉన్నదా లేదా అన్నదాని మీద అతని పని ఆధారపడుతుంది. ఉంటే దోషాన్ని ఎక్కడ ఉన్నదో చెప్పగలడు, కనీసం దాన్ని సరిచేయగలవారికి ఆధారంతో నివేదించగలడు. లేకపోతే విక్రేత ప్రతినిధి రాక కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. ఆ నిరీక్షణ ఖర్చు కొనుగోలు పత్రంలో ఎక్కడా కనిపించదు.

కనుక కళాశాలల ప్రయోగశాలలు, పరిశ్రమలు దృశ్య తనిఖీ యంత్రాలను కొనేటప్పుడు ధర, వేగాలతో పాటు మూడు విషయాలను రాతపూర్వకంగా అడగడం సముచితం. కెమెరా, గ్రాఫిక్స్ డ్రైవర్లు ప్రధాన కెర్నల్‌లోనే ఉన్నాయా, బయటి నుండి చేరేవా? కొత్త కెర్నల్ వచ్చిన ఎన్ని రోజుల్లో మద్దతు అందుతుంది? జారిన ఫ్రేముల సంఖ్యను సంస్థలోని సాంకేతికుడు స్వయంగా చూడగలిగే ఏర్పాటు ఉన్నదా? గ్రాఫిక్స్ ప్రాసెసర్ తయారీదారు సహకారంతో పరిశోధన సాగే సంస్థలు ఈ ప్రశ్నలు అడగడం అవిశ్వాసం కిందికి రాదు. దీర్ఘకాలం నడవవలసిన పరిశోధనకు అది అవసరమైన జాగ్రత్త.

8. పరిభాష, బోధన

తెలుగులో సాంకేతిక పదాలకు కొరత ఉన్నదన్న మాట తరచు వినిపిస్తుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి అనేక శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలను అందించింది. స్వేచ్ఛ సంస్థ లినక్స్ తెరలను, మెనూలను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. అయితే ఈ రెండు ప్రయత్నాల దృష్టీ పేర్ల మీద నిలిచింది. యంత్రం పనిచేస్తున్నప్పుడు కనిపించే మాటలు తెలుగులోకి వచ్చాయి. పని ఆగిపోయినప్పుడు ఆలోచించవలసిన తీరు రాలేదు.

కెర్నల్ సందేశాలను తెలుగులోకి మార్చాలనడం ఇందుకు పరిష్కారం కాదు. ఆ సందేశాలు ప్రపంచవ్యాప్తంగా ఒకే రూపంలో ఉండటం వల్లనే వాటిని వెతకడం, పోల్చడం సాధ్యమవుతున్నది. కావలసింది వాటి వెనుక ఉన్న కారణ సంబంధాన్ని తెలుగులో వివరించే గద్యం. ‘డ్రైవర్ల ఘర్షణ’ అనే ప్రయోగాన్నే గమనిస్తే ఈ అవసరం స్పష్టమవుతుంది. ఘర్షణ అనగానే ఇద్దరు ప్రత్యర్థులు, ఒకరిని తొలగిస్తే సమస్య తీరుతుందనే భావన కలుగుతుంది. నూవో విషయంలో అది నిజమే. బఫర్ అమరిక విషయంలో ఇద్దరూ ఉండాలి, ఒప్పందమే కుదరాలి. అక్కడ ‘పొసగకపోవడం’ తగిన మాట. పోర్టల్ విషయంలో జరిగింది ‘నిరాకరణ’. ఒకే ఆంగ్లపదం కింద దాగిన మూడు స్థితులకు తెలుగులో మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని వేరుచేసి వాడటం వల్ల భాషకు గౌరవం కలగడమే గాక, నిర్ణయంలో పొరపాటు కూడా తగ్గుతుంది. పాలిటెక్నిక్ స్థాయి ప్రయోగ పుస్తకాల్లో ప్రతి దోషాన్నీ లక్షణం, అంతస్తు, పరీక్ష, ఫలితం అనే నాలుగు గడుల్లో తెలుగులో నమోదు చేయించడం ఇందుకు తేలికైన ప్రారంభం.

9. ముగింపు

గ్రాఫిక్స్ డ్రైవర్లకూ వీడియో క్యాప్చర్‌కూ మధ్య లినక్స్‌లో కనిపించే వివాదం 1990ల టీవీ కార్డు నుండి నేటి పైప్‌వైర్ వరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇద్దరూ వాడవలసిన మెమరీకి హద్దు ఎవరు గీస్తారు, గీసిన హద్దును ఎవరు పరిశీలించగలరు అన్నదే ఆ ప్రశ్న. డీఎంఏ-బఫ్ మొదటి సగానికి జవాబు చెప్పింది. 2012 వివాదం రెండవ సగాన్ని లేవనెత్తింది. 2022 నాటి పరిణామం దానికి పాక్షికంగానే సమాధానమిచ్చింది.

మోరెల్ కోరిన ప్రవేశం, కాక్స్ నిలిపిన నిబంధన పరస్పరం విరుద్ధంగా కనిపించినా, వినియోగదారు దృష్టితో చూస్తే రెండూ అవసరమే. చిత్రం చేరాలి, చేరనప్పుడు ఎందుకు చేరలేదో తెలుసుకునే దారి ఉండాలి. మొదటిది లేకుంటే పని ఆగుతుంది. రెండవది లేకుంటే ఆగిన పని ఎవరి చేతిలో ఉన్నదో కూడా తెలియదు. కందిలోని పరిశోధనశాలకైనా, పాశమైలారంలోని ప్యాకింగ్ వరుసకైనా యంత్రాన్ని ఎన్నుకునేటప్పుడు ఈ రెండవ ప్రమాణాన్ని మొదటిదానితో సమానంగా పరిగణించడం, దాన్ని పరీక్షించే పద్ధతిని విద్యార్థికి తన భాషలో నేర్పడం విద్యాసంస్థల బాధ్యత.